రథమును ప్రేమించిన గృహస్థుడు

మరణకాలమందలి స్మరణమును బట్టి జీవుని ముందుగతి యేర్పడునను సిద్ధాంతము గీత యెనిమిదవ అధ్యాయమున కలదు. ఈ సిద్ధాంతము సాధకులకు ఎంత ధైర్యము నిచ్చునో కొందరకు అంత భయమును గొలుపును. జీవితమంతయు చెమటోడ్చి కుటుంబమును పోషించిన ఒక గృహస్థునకు పూజకును పారాయణమునకును తీరిక చిక్కలేదనుకొందము. ఆయన నోట వెలువడిన కడపటి మాట దైవనామము గాక ఏదో లౌకికవస్తువును గూర్చినదైనచో, ఆయన గతి యేమి? ఆయన బిడ్డలు ఆయనను ఏ విధముగా తలచుకొనవలెను?

ఇది పండితుల వాదమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. కొన్ని నెలల క్రిందట గోదావరీతీరమందలి ఒక పట్టణమునుండి ఒక కుమారుడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చి దీనినే అడిగెను. తండ్రికి చేయవలసిన కర్మలన్నియు ముగిసినవి. కాని ఆయన మనస్సునకు శాంతి లేదు.

“స్వామీజీ! మా నాన్నగారు చెడ్డవారు కారు. ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు. కాని ఆయన ప్రాణమంతా ఒక కారుమీదే ఉండేది. దాన్ని అమ్మేసి ఇరవై ఏళ్లు దాటింది. అయినా పోయే ముందు నావంక చూసి, ‘నీళ్లు చూశావురా?’ అని దాన్ని గురించే అడిగారు. రామా అనలేదు, నారాయణా అనలేదు. చిన్నప్పుడు జడభరతుడి కథ విన్నాను. లేడిని తలుచుకుంటూ పోయినవాడు లేడిగా పుట్టాడు గదా! మా నాన్నగారి సంగతి ఏమిటి?”

తల్లి ప్రక్కనే కూర్చుండి యుండెను. ఆమె అప్పటికి ఏమియు మాటలాడలేదు.

ఆ గృహస్థుని జీవితమును వారు చెప్పినంతవరకు ఇచట సంగ్రహించుచున్నాను. పేరుతో మనకు పనిలేదు. అట్టివారు ప్రతి వీథిలోను ఒకరుందురు. ఆయన ఒక మిల్లులో ఫిట్టరు. చిన్ననాడే తండ్రి పోవుటచే చెల్లెండ్ర యిద్దరి పెండ్లిండ్ల భారము ఆయనపై పడెను. పిమ్మట తన బిడ్డలు ముగ్గురు. మిల్లులో పని ముగిసిన తరువాత ఇంటి వెనుక వేపచెట్టు క్రింద వేసికొన్న రేకుల షెడ్డులో ప్రొద్దుపోవువరకు ఊరివారి బండ్లు బాగుచేయుచుండెను. ఆదివారము తప్ప ఆయన పగటిపూట ఇంటిలో భోజనము చేయుట పిల్లలకు జ్ఞాపకము లేదు.

1979లో ఆయన ఒక అంబాసిడర్ కారును కొనెను. కొనెననుట కంటె ఎత్తుకొని వచ్చెననుట మేలు. దాని యజమాని దానిని చెట్టునకు గ్రుద్ది, తుక్కు క్రింద అమ్మివేయుటకు సిద్ధపడియుండగా ఈయన తాను కూడబెట్టిన సొమ్ముతో తీసికొనెను. అంబాసిడర్ కారును ఎరుగని భారతీయుడు ఆ కాలమున లేడు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూడవ శ్రేణి నమూనా ననుసరించి, కలకత్తాకు సమీపమున నున్న ఉత్తర్‌పాడా కర్మాగారమున దానిని 1957నుండి తయారుచేయసాగిరి. 2014 మే నెలలో దాని ఉత్పత్తి ఆగిపోయెను. అంతకాలము మంత్రులను మోసినదియు, పెండ్లికుమారులను మోసినదియు, రోగులను మోసినదియు అదియే. ఈయన దానిని విప్పి, ఒక్కొక్క భాగమును కిరసనాయిలుతో కడిగి, వంగినదానిని సాగగొట్టి, విరిగినదానిని మార్చి, రెండేండ్లకు మరల రోడ్డుపైకి దెచ్చెను.

అది మొదలు 2004లో దానిని అమ్మువరకు ఆయన దినచర్య యొకటి కలదు. తెల్లవారకముందే లేచి, బానెటు నెత్తి, రేడియేటరులో నీళ్లు చూచును. పుల్లతో నూనె మట్టము చూచును. నెలకొకమారు ముందుచక్రముల కీళ్లకు గ్రీజు పట్టించును. ఫీలర్ గేజి తీసికొని కాంటాక్టు పాయింట్ల నడుమ సందు సరిగా నున్నదో లేదో పరీక్షించును. వేసవికాలమున ఆ వేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై పంపునకు అందక ఇంజను ఆగిపోవుట అంబాసిడర్లకు పరిపాటి. అప్పుడు త్రోవప్రక్క నిలిపి, తడిగుడ్డను పంపుపై కప్పి, వేపనీడన కూర్చుండవలసినదే. కుమారుడు విసుగుకొన్నప్పుడు ఆయన చెప్పు మాట యొకటి: “కోప్పడితే బండి కదలదురా. చల్లబడితే అదే కదులుతుంది.”

ఇదియే ఆయన కథ. ఇందులో తీర్థయాత్ర లేదు, మంత్రోపదేశము లేదు. ఇప్పుడు కుమారుని ప్రశ్నను విచారింతము.

మొదట భరతుని కథను సరిగా గ్రహింపవలెను. భాగవతము పంచమస్కంధమున నున్న ఈ కథను తెలుగున గంగన రచించెను. ఋషభుని కుమారుడైన భరతుడు రాజ్యమును విడిచి గండకీతీరమున పులహాశ్రమమున తపస్సు చేయుచుండెను. సింహగర్జనకు బెదరి నిండుచూలాలైన లేడి యేటిలోనికి దుమికెను. దాని గర్భమునుండి జారిన పిల్లను భరతుడు జాలితో రక్షించెను. ఇంతవరకు దోషమేమియు లేదు. ప్రవాహమున కొట్టుకొనిపోవు ప్రాణిని చూచి కన్నులు మూసికొనువాడు తపస్వి యెట్లగును? దోషము తరువాత వచ్చినది. లేడిపిల్ల గడ్డి మేసెనో లేదో, తోడేలు చూచెనేమో యను చింతలో ఆయన జపము తగ్గెను; నియమములు ఒకటొకటిగా జారిపోయెను; పూజ నడుమ లేచి దానిని వెదకుటకు పోవుచుండెను. రాజ్యమును విడిచినవాడు ‘నాది’ యను భావమును విడువలేదు. రాజ్యము పోయిన చోటును లేడిపిల్ల ఆక్రమించెను.

కావున భరతుని కట్టివేసినది లేడి కాదు. దానికొరకు స్వధర్మమును విడుచుటయు, దానిని తన సొత్తుగా భావించుటయు. ఈ రెండును లేనిచో లేడిని ప్రేమించుటలో బంధము లేదు. ఇంకొక విషయము కూడ కథలోనే కలదు, కాని దానిని మనము తరచుగా మరతుము. లేడిగా పుట్టిన భరతునకు పూర్వజన్మస్మృతి పోలేదు. పిమ్మట బ్రాహ్మణుడై పుట్టి, రహూగణ మహారాజు పల్లకీని మోసి, ఆ రాజునకే తత్త్వోపదేశము చేసెను. చేసిన సాధన యేదియు వ్యర్థము కాలేదు. మనలను భయపెట్టుటకు మాత్రమే ఆ కథను చెప్పుట దానికి అన్యాయము చేయుట.

ఇక, ఈ గృహస్థుడు ప్రేమించినది దేనిని? కారు నందుమా, కారనగా నేమి? మిళింద మహారాజు నాగసేనభిక్షువును చూడవచ్చినప్పుడు ఇట్టి ప్రశ్నయే పుట్టెను. ఇరుసు రథమా, చక్రములు రథమా, కాడి రథమా యని నాగసేనుడు అడుగగా రాజు వేనికిని ఔననలేకపోయెను. ఈ అంబాసిడరును అట్లే విచారింపుడు. ఇరువదియైదేండ్లలో ఇంజను రెండుమారులు విప్పి బిగింపబడినది. చక్రములు, సీట్లు, తీగెలు, రంగు, బ్యాటరీ అన్నియు మారినవి. తుక్కుగా వచ్చిన కారులో ఆయన చేయి సోకని భాగమే లేదు. మారకుండ నిలిచినది ఒక్కటియే: దినదినము దానిపై ఆయన నిలిపిన శ్రద్ధ. ఆయన ప్రేమ ఇనుపరేకుపైన నున్నదని చెప్పుట కష్టము.

యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చేసిన ఉపదేశము ఇచట మనకు దారిచూపును. భర్తయైనను, భార్యయైనను, ధనమైనను తమకై తాము ప్రియము కావనియు, ఆత్మ కొరకే సర్వమును ప్రియమగుచున్నదనియు దాని సారము. మనుష్యుడు ప్రేమించు ప్రతివస్తువు వెనుకను తానెరుగని ఆత్మప్రేమ దాగియున్నది. ఆ ప్రేమ సంకుచితమై ‘నేను, నాది’ యని ముడుచుకొనిన బంధము. విశాలమై ఇతరులను తనలో చేర్చుకొనిన మోక్షమార్గము. వస్తువును చూచి దీనిని నిర్ణయింపలేము. ప్రేమ ఏ దిక్కునకు ప్రవహించెనో చూడవలెను.

యంత్రమునకును ప్రేమకును సంబంధమేమని కొందరు అడుగవచ్చును. మోటారుకారు పుట్టుకయే దీనికి సమాధానము. జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ తన మోటారుబండికి 1886 జనవరి 29న పేటెంటు కోరెను. కాని దానిని నమ్మి కొనువారు అరుదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కుమారులను ఎక్కించుకొని, భర్తకు చెప్పకయే మాన్‌హైమ్ నగరమునుండి ఫోర్జ్‌హైమ్‌లోని తన పుట్టింటికి ఆ బండిలో బయలుదేరెను. సుమారు నూరు కిలోమీటర్ల దూరము. త్రోవలో పెట్రోలు బంకులు లేవు. మందుల దుకాణమున ఇంధనము కొనెను. గొట్టము మూసికొనిపోగా టోపీసూదితో శుభ్రపరచెను. అరిగిన బ్రేకునకు చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెను. ఇంజనునకు మాటిమాటికి నీళ్లు పోయుచు పోయెను. లోకమున కారు చేసిన మొదటి దూరప్రయాణము ఒక యిల్లాలు బిడ్డలతో పుట్టింటికి పోయిన ప్రయాణము. ఆ భర్త శ్రమయందలి విశ్వాసమే ఆమెను నడిపెను. యంత్రము జడమే; కాని దానిని నడుపు భావము జడము కానక్కరలేదు.

అయినను భావము దాగియుండును. పైకి కనబడునది క్రియ. కావున భరతుని కథనుండి తేలిన రెండు పరీక్షలతోనే ఈ గృహస్థుని చూతము. కారు కొరకు ఆయన ఏ ధర్మమునైన విడిచెనా? లేదు. కారు పని మిల్లుపనికి ముందు, పిల్లలు లేవకముందు. షెడ్డులో ఊరివారి బండ్లు ముగిసిన పిమ్మటనే తన బండి వంతు. 1996 నవంబరు 6వ తేది రాత్రి కోనసీమను తుపాను కూల్చివేసినప్పుడు ఆయన సెలవు పెట్టి, త్రోవలు తెరవబడినంత మేరకు ఆ కారులో మంచినీటి డబ్బాలను, మందులను మోసెను. ఇరుగుపొరుగున ప్రసవవేదన కలిగిన రాత్రులలో ఆ యింటి తలుపే తట్టెడివారు. ఎవరివద్దను పెట్రోలుకైనను సొమ్ము పుచ్చుకొనలేదని తల్లి చెప్పలేదు. ఇచ్చినచో పుచ్చుకొనెననియు, ఇవ్వకున్న అడుగలేదనియు చెప్పెను. ఆ సత్యమే నాకు నచ్చినది.

స్వామి వివేకానందులు 1895–96 శీతకాలమున న్యూయార్కులో చేసిన కర్మయోగోపన్యాసములలో భారతమందలి ధర్మవ్యాధుని కథను చెప్పిరి. చూపుతో కొంగను దహింపగలిగిన తపస్వికి జ్ఞానము నేర్పినవారు ఇద్దరు: పతిసేవ విడువని ఒక యిల్లాలు, తల్లిదండ్రుల సేవ విడువని ఒక మాంసవిక్రేత. వారి వృత్తి కాదు, దానిని చేసిన తీరు వారిని పెద్దలను జేసినది. నూనెతో నల్లబడిన చేతులను చూచి ఆత్మ దూరమగునని ఏ శాస్త్రమును చెప్పలేదు.

రెండవ పరీక్ష: విడువవలసి వచ్చినప్పుడు విడిచెనా? 2004లో చిన్నకుమార్తె నర్సింగు చదువునకు సొమ్ము కావలసివచ్చెను. ఆయన కారును అమ్మివేసెను. కొనినవాడు దానిని బాడుగకు త్రిప్పి జీవింపదలచిన యువకుడు. ఆయన ఏ తేదిని నూనె మార్చినది, ఏ భాగము ఎప్పుడు వేసినది వ్రాసియుంచిన నోటుపుస్తకమును కూడ అతనికిచ్చి, రెండు ఆదివారములు ప్రక్కన కూర్చుండి నడుపుట నేర్పెను. తరువాత కొంతకాలము అత్తవారింటికి పంపిన పిల్లను చూచివచ్చినట్లు పోయి చూచివచ్చుచుండెను. ఆ యువకుడు దానిని వేరొకరి కమ్మివేసిన పిమ్మట ఆ మాటయే యెత్తలేదు. “అమ్మిన రాత్రి ఆయన నిద్రపోలేదు. తెల్లారి ఎప్పటిలాగే షెడ్డులోకి పోయారు” అని తల్లి చెప్పెను.

నిద్రపోలేదనుటను నేను దాచను. మమకారము ఉన్నది. గృహస్థునకు అది లేకపోవుట యెట్లు? కాని అది ఆయన చేతిని ఆపలేదు. శ్రీరామకృష్ణులు చెప్పిన పనికత్తె దృష్టాంతము పాఠకులకు విదితమే. ధనికుని యింట పనిచేయు దాసి యజమాని బిడ్డలను తన బిడ్డలవలె పెంచును, మురియును. కాని తన యిల్లు వేరొక గ్రామమున నున్నదని లోలోపల ఎరుగును. పెంచుటలో లోపము చేయుమని వారు చెప్పలేదు. విడువవలసిన దినమున విడువగల జ్ఞానము కలిగియుండుమని చెప్పిరి.

ఇంతవరకు నేను చెప్పుచుండగా కుమారుడు వినుచునే యుండెను. కాని ఆయన ముఖమున భారము తొలగలేదు. అప్పుడు నాకు తోచినది: ఈయన అడుగుచున్న ప్రశ్న తండ్రి పరలోకమును గూర్చినది మాత్రమే కాదు. “మీకు ఆ కారుపైన కోపమున్నదా నాయనా?” అని అడిగితిని.

కొంతసేపటికి చెప్పెను. తొమ్మిదేండ్ల వయస్సున మేకుతో కారు వెనుకతలుపుపైన తన పేరు గీసెననియు, తండ్రి చూచి చెంపపై కొట్టెననియు, తండ్రి తనను కొట్టుట అదియొక్క మారే యనియు. “ఆ దెబ్బ నేను మరిచిపోలేదు స్వామీజీ. మాకంటే ఆయనకు అదే ఎక్కువేమో అని ఇప్పటికీ ఉంది.”

అప్పుడు తల్లి మొదటిమారు తానుగా మాటలాడెను. “ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. నువ్వు నిద్రపోయాక నీ మంచం దగ్గరే కూర్చున్నారు. తర్వాత రెండుసార్లు కారుకు రంగు వేయించారు గదా! రెండుసార్లూ ఆ తలుపుమీద గీత జోలికి పోవద్దని రంగువాడికి చెప్పారు. అమ్మేటప్పుడు కూడా అది అలాగే ఉంది. నువ్వు చూడలేదు.”

కుమారుడు నిర్ఘాంతపోయెను. ఆమె మరల చెప్పెను: “పోయేముందు మాట కూడా నువ్వు సగమే విన్నావు. ‘నీళ్లు చూశావురా?’ అన్నారు. నువ్వు డాక్టరు కోసం లేచి పోయావు. తర్వాత ఇంకొక మాట అన్నారు. ‘అందరూ ఎక్కారా?’ అని.”

ఆ మాట ఆ యింట అందరకు తెలిసినదే. పెండ్లికి పోయినను, ఆస్పత్రికి పోయినను, ఆదివారము సాయంకాలము 1974లో తెరచిన గోదావరి రైలు–రోడ్డు వంతెనమీదుగా కొవ్వూరువరకు షికారు పోయినను, కారు కదలించుటకు ముందు ఆయన వెనుకకు తిరిగి అడుగు మాట అది. అందరు ఎక్కిరని విన్న పిమ్మటనే గేరు వేయును.

ఇప్పుడు గీతావాక్యమును మరల చూతము. అంత్యకాలమున మనస్సునకు తోచు స్మరణము ఆకస్మికముగా ఎచటినుండియో ఊడిపడునది కాదు; జీవితమంతయు నిలుపుకొన్న భావము చేతనే అది రూపొందునని భగవానుడు అచటనే సూచించెను. అందుచేతనే ఎల్లకాలములందును తన్ను స్మరించుచు యుద్ధము చేయుమని, అనగా స్మరణమును కర్మను కలిపి నడుపుమని, వెనువెంటనే అర్జునునకు బోధించెను. కాబట్టి అంత్యస్మరణమున లెక్కకు వచ్చునది నోటి శబ్దము కాదు, ఆ శబ్దమును పుట్టించిన భావము. చిలుక రాధాకృష్ణుల నామమును చక్కగా పలుకును. పిల్లి పట్టుకొన్నప్పుడు మాత్రము తన సహజమైన కూతయే కూయునని శ్రీరామకృష్ణులు చెప్పిరి. మృత్యువు పట్టుకొన్నప్పుడు ఈ గృహస్థుని సహజమైన కూత యేది? “నీళ్లు చూశావురా? అందరూ ఎక్కారా?” మొదటిది తాను చేయవలసిన పనియందలి జాగరూకత, రెండవది తన వెంట నున్నవారి యోగక్షేమము. కారు ఆ రెండింటిని పలుకుటకు ఆయనకు దొరికిన భాష మాత్రమే.

ఇట్లనుటచే నామజపము అనవసరమని ఎవ్వరును భావింపరాదు. తమ కార్లను, ఇండ్లను, నగలను చూపి ‘ఇదియే మా సాధన’ యని సులభముగా చెప్పుకొనువారికి ఈ కథ ఆధారము కాదు. పొరుగువానికంటె పెద్దదని కారును కొని, దానిని చూచి పొంగువాడు కూడ కారునే ప్రేమించుచున్నాడు. ఆ ప్రేమ ‘నేను’ను పెంచును. ఇరువురి మనస్సులకును అంత్యకాలమున కారే తోచవచ్చును. పైకి స్మరణ మొకటియే, ఫలము వేరు. ఈ గృహస్థుడైనను ఈశ్వరుని ఎరిగి ఆ పనినే ఆయన కర్పించి చేసియుండినచో, అమ్మిన రాత్రి నిద్రయు పట్టియుండును, బిడ్డపై చేయియు లేచియుండదు. సేవాభావము చిత్తమును శుద్ధిచేయును. శుద్ధమైన చిత్తము తెలిసికొనవలసిన సత్యము ఇంకను మిగిలియుండును. ఆయన గతి ఇట్టిదని నిర్ణయించు అధికారము నాకు లేదు. మంచి పని చేసినవాడు దుర్గతి పొందడని ఆరవ అధ్యాయమున భగవానుడిచ్చిన అభయమును మాత్రము నేను నమ్ముదును.

విడిచితిమనుకొన్నవారు గర్వింపవలసినదియు లేదు. మిథిలానగరము మండుచున్నదని వినబడినప్పుడు జనకమహారాజు కదలక కూర్చుండెననియు, ఆయన యెదుట వేదాంతము వినుచున్న సన్న్యాసులు మాత్రము ఆరవేసిన కౌపీనములకొరకు పరుగెత్తిరనియు ఒక కథ వాడుకలో నున్నది. అనువాదము చేయుచున్న పుటలపై ఎవరైన నీటిచెంబు పెట్టినచో నా మనస్సున పుట్టు కోపమును నేనెరుగుదును. ఆ తండ్రి ఒక్కమారు చేయి యెత్తి, దాని గుర్తును జీవితమంతయు కన్నుల యెదుట నుంచుకొనెను. నేను నా కోపములకు గుర్తు లేవియు ఉంచుకొనలేదు.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గములుగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, ఆత్మను రథస్వామిగను వర్ణించును. ఈ దృష్టాంతమును వినువారు అనేకులు. రథమును చేతులతో విప్పి చూచి, అది వేరు, ఎక్కినవాడు వేరు అని నిత్యము అనుభవమున నెరిగినవారు కొందరే. రథము పాడగును, చేతులు మారును, తుదకు తుక్కగును. దానిపై ఎక్కినవారు గమ్యము చేరిరా లేదా యనునదే ప్రశ్న.

తండ్రిని ఏ విధముగా తలచుకొనవలెనని అడిగిన కుమారునకు నేను చెప్పినది ఇంతే. తిథినాడు శ్రాద్ధము పెట్టుడు; అది మీ ధర్మము. కాని శ్రాద్ధమను మాట శ్రద్ధనుండి పుట్టినది; ఆయన శ్రద్ధ యెట్టిదో మీరెరుగుదురు. మీ కడపటి దినమున ఏమి మాట వచ్చునో యని భయపడకుడు. ఆ దినము మన చేతిలో లేదు. నేటి ఉదయము చేతిలో నున్నది. లేవగానే భగవంతుని తలచి, మీ మనస్సను రథమున నీళ్లున్నవో లేవో చూచుకొనుడు. కోపము వచ్చినచో కొంచెము నిలిపి చల్లబడనిండు. పిమ్మట కదలుటకు ముందు ఒక్కమారు వెనుకకు తిరిగి, ఎవరైన మిగిలిపోయిరేమో చూడుడు.